గంటలో తగ్గే భయం

అనకాపల్లి,
9 ఏప్రిల్ 2002

తమ్ముడు ఇమ్మాన్యుయేల్‌కు అక్క తబిత వందనాలు.

ఈస్టరుకి వస్తానని రాసి రాలేదు. కోడిపిల్లల్ని వదిలి రాలేకపోయావట. బాగుంది. పరిశోధన చేసేవాడివి, పెద్దవాడివైపోయావు. మేము చేపల పులుసు వండుకుని నీ పేరు చెప్పుకుని తిన్నాం. ఇంతకంటే తిట్టే ఓపిక ఈసారి లేదు. అసలు సంగతి రాస్తాను.

ఫోనులోనే చెబుదామని రెండుసార్లు బూత్ దాకా వెళ్ళాను. వెనక మనుషులు నిలబడి వింటూ ఉంటారు. వెనక్కి వచ్చేశాను.

ఈస్టరు ముందు శనివారం మా షైనీకి బాప్తిస్మం ఇప్పిస్తున్నామని రాశాను కదా. పన్నెండేళ్ళు నిండాయి, అదే కావాలని అడిగింది, మేమెవరం బలవంతపెట్టలేదు. సురేష్ బాబు అయ్యగారే ఇచ్చారు, నీకిచ్చినాయనే. శారదానదిలో మన సంఘం ఎప్పుడూ దిగే చోటే. కానీ అది ఇప్పుడు నువ్వెరిగిన చోటు కాదు. ఇసుక లారీలవాళ్ళు తవ్వి తవ్వి గుంతలు పెట్టేశారు. పైనుంచి చూస్తే నీళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి. అయ్యగారు పిల్లను వెనక్కి వాల్చి ముంచేటప్పుడు ఆయన కాలు గుంతలో పడింది. పిల్ల ఆయన చేతిలోంచి జారిపోయింది. తండ్రి పేరు, కుమారుడి పేరు పలికారు, మూడోదైన పరిశుద్ధాత్మ పేరు నోట్లోనే ఉండిపోయింది. ఒడ్డున డోలక్, తాళాలు, పాట జోరుగా ఉన్నాయి. పిల్ల కేక వేసినా వినబడే పరిస్థితి లేదు. అప్పలరాజని ఇసుక ఎత్తే అతను, మన సంఘం మనిషి కాదు, అవతలినుంచి దూకి జుట్టు పట్టుకుని పైకి లాగాడు. "పిల్ల ములిగిపోతంటే పాటలేటండీ" అన్నాడు. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

నీళ్ళు తాగింది, కక్కించాం. డాక్టరు చూసి ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నాడు, టానిక్ రాసిచ్చాడు. కానీ ఆ రోజునుంచి షైనీ మాట్లాడలేదు తమ్ముడూ. ఒక్క మాట లేదు. పొద్దున్న లేచి వెళ్ళి మీ బావ ఆటోలో వెనక సీట్లో మూలకి కూర్చుంటుంది. ఆయన కశింకోట ట్రిప్పు వేసుకోవాలంటే దాన్ని ఎత్తి దించాలి. నీళ్ళగది గుమ్మం తొక్కదు. తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తున్నాను. వంటింట్లో నేను బిందె వంచితే చాలు, కొయ్యలా బిగుసుకుపోతుంది. సండే స్కూల్లో అందరికంటే పెద్ద గొంతు దానిది, కాస్త నోరు మూసుకోవే అని ఎన్నిసార్లు తిట్టానో. ఇప్పుడు ఆ నోరు తెరిస్తే చాలని ప్రార్థన చేస్తున్నాను.

భయపడ్డ కోడిపిల్లల మెదడు మీదే కదా నీ చదువంతా. భయం ఎన్నాళ్ళకి దిగుతుందో నీకు తెలిసుండాలి. బడులు తెరిచేలోగా దానికి మాట వస్తుందా? నీ ఉత్తరాలు వస్తే ముందు విప్పేది అదే, ఇప్పటికీ ఆ ఒక్క అలవాటు పోలేదు. అది చూసుకుని రాయి.

మీ అక్క,
తబిత

* * *

హైదరాబాద్,
15 ఏప్రిల్ 2002

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం చదివాక ఆ రోజు ఇంకే పనీ చేయలేకపోయాను. నువ్వు తిట్టింది చాలదు, ఇంకా తిట్టవలసింది. నేను ఆ ఒడ్డున ఉండి ఉంటే అన్న మాట తప్ప మనసులో ఇంకోటి తిరగడంలేదు.

నువ్వడిగినదానికి జవాబు చెబుతాను, ధైర్యంగా ఉండు. మా దగ్గర జరిగేది ఇది. గుడ్డు పగిలి బయటికొచ్చిన కొన్నాళ్ళకి కోడిపిల్లను నీళ్ళ తొట్టిలో వదులుతాం. కాసేపు కాళ్ళు కొట్టుకుంటూ ఈదుతుంది, బాగా భయపడుతుంది. అప్పుడు దాని మెదడులో ఏమవుతుందో చూడడమే నా పని. భయాన్ని అణచడానికి మెదడులో ఒక పదార్థం దానంతటదే ఊరుతుంది. అది వచ్చి కూర్చోవడానికి కణాల మీద కొన్ని చోట్లుంటాయి. గ్రాహకాలని పుస్తకాల్లో రాస్తారు, మేము రిసెప్టర్లనే అంటాం. భయం పుట్టగానే ఈ చోట్లు ఎక్కువవుతాయి. నూకాలమ్మ జాతరకి ఆర్టీసీవాళ్ళు అదనంగా బస్సులు వేస్తారు చూడు, అలాగ. జనం పల్చబడ్డాక బస్సులు తీసేస్తారు. మా కోడిపిల్లల్లో కూడా గంట తిరిగేసరికి లెక్క మళ్ళీ మామూలుకి వచ్చేస్తోంది. ఒక్క గంట, అక్కా.

గుప్పెడు లేని ప్రాణానికే అంత ఏర్పాటు ఉన్నప్పుడు మన షైనీకి ఉండదా? మనిషి కనుక కొంచెం ఎక్కువ పట్టవచ్చు. కానీ ఒక్కసారి వచ్చిన భయం అలాగే ఉండిపోదు, దిగిపోతుంది. ఎందుకైనా మంచిది, విశాఖలో మానసిక వైద్యుడికి ఒకసారి చూపించండి. నువ్వు మాత్రం దాని ముందు ఏడవకు.

షైనీ, ఈ ముక్క నీకు. పోయిన సెలవుల్లో అడిగావు కదా, ఈత అయ్యాక పిల్లల్ని ఏం చేస్తారు మావయ్యా అని. మెత్తటి తువ్వాలుతో తుడిచి, బల్బు కింద వెచ్చగా పెడతాం. ఆరిపోయాక షెడ్డుకి పంపించేస్తాం. అక్కడ మేత తింటూ పెద్దవవుతాయి. నువ్వు కూడా ఆరిపోయి, వెచ్చబడి, నాకొక ఉత్తరం రాయాలి.

నీ తమ్ముడు,
ఇమ్మాన్యుయేల్

* * *

అనకాపల్లి,
6 మే 2002

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చిన రోజు మా ఇంట్లో పండగే అనుకో. మీ బావ పైకి చదివారు, మా అత్తగారు మళ్ళీ చదివించుకుంది. జాతర బస్సుల మాటకి మీ బావ నవ్వారు కూడా. ఆటో ఎక్కినవాళ్ళందరికీ "మా బావమరిది సైంటిస్టు, గంటలో తగ్గిపోద్దని రాసేడు" అని చెప్పుకున్నారు. షైనీ నీ ఉత్తరంలోంచి తన ముక్క చింపుకుని, మడతపెట్టి తలగడ కింద దాచుకుంది. నేను రోజూ దాని ముఖం చూస్తూ కూర్చున్నాను, ఇవాళ పలుకుతుంది, రేపు పలుకుతుంది అని.

పలకలేదు. ఇప్పుడు నీ ఉత్తరమే నా మెడకి చుట్టుకుంది.

నేను మొదట నీకు రాయని సంగతి ఒకటుంది. ఆ రోజు పిల్ల నీళ్ళలో చేతులు కొట్టుకోవడం మేమెవరం చూడలేదని కాదు. అందరం చూశాం. ఆత్మ దిగిందనుకున్నాం. మన కూడికల్లో ఆత్మ వచ్చినవాళ్ళు ఎలా ఊగిపోతారో నీకు తెలియనిది కాదు. "ఆత్మ వచ్చిందర్రా, గట్టిగా పాడండి" అని మా అత్తగారే అంది. పాడాం. కన్నతల్లిని, నేను కూడా పాడాను, చప్పట్లు కొట్టాను. ఇంత చిన్నపిల్లకి ఎంత కృప అని గర్వపడ్డాను. అది అమ్మా అని అరిచే ఉంటుంది. ఆ అరుపు నా పాటలో కలిసిపోయింది.

మొన్న మా అత్తగారు నన్ను కూర్చోబెట్టి అడిగింది. "ఏటే, మీ తమ్ముడు ఏటి రాసేడు? బయమైతే గంటలో దిగిపోద్దని కదా?"

"అవును."

"దీనికి దిగనేదు. అంటే ఇది బయం కాదు. సదువుకున్నోడే సెప్పేడు. మూడో పేరు పడకుండా పిల్ల పైకొచ్చేసింది. సగంలో ఆగిపోయిన బాప్తీసం అది. పూర్తి సేయించండి, దానికి మాటొత్తాది."

ఆవిడని చెడ్డదనుకోకు. పిల్ల కోసం ఉపవాసాలు చేసి చేసి చిక్కిపోయింది. మీ బావ కూడా అదే మాట పట్టుకున్నారు. అయ్యగారి దగ్గరికి వెళితే ఆ పెద్దాయన నా చేతులు పట్టుకుని ఏడ్చారు. "నా సెయ్యి జారబట్టే కదమ్మా, నేనే పూర్తి సేత్తాను" అన్నారు. పెంతెకొస్తు ఆదివారానికి, ఈ పందొమ్మిదో తారీకుకి, నిశ్చయమైపోయింది. ఈసారి నదిలో కాదు, కశింకోట దగ్గర తెలిసిన సంఘంవాళ్ళ సిమెంటు తొట్టిలో. విశాఖ డాక్టరు మాటెత్తితే "ఆత్మ సంగతికి పిచ్చి డాక్టరేటి" అన్నారు మీ బావ.

ఈ ఇంట్లో నా మాట చెల్లదు. నీ మాట చెల్లుతుంది, మీ బావకి నీమీద గురి. ఇది భయమా, కాదా? భయమే అయితే గంటలో ఎందుకు తగ్గలేదు? మళ్ళీ నీళ్ళలో దింపకూడదని నా ప్రాణం చెబుతోంది. దింపకూడదంటే ఎందుకు దింపకూడదో కారణంతో సహా రాయి. ఊరికే వద్దు అంటే మా అత్తగారు ఊరుకోదు. ఆలస్యం చేయకు.

తబిత

* * *

హైదరాబాద్,
11 మే 2002

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది, వెంటనే రాస్తున్నాను. మా గైడ్ మేడమ్ ఢిల్లీ సదస్సుకి వెళ్ళబోతూ లెక్కలన్నీ ఈ వారమే కావాలన్నారు, ఊపిరి తిరగడంలేదు. తప్పుగా అనుకోకు.

కోడిపిల్ల వేరు, మనిషి వేరు. నేను రాసిన గంట లెక్కని షైనీకి కట్టవద్దు. అది ఉదాహరణకి చెప్పిన మాట. దాన్ని పట్టుకుని భయం కాదని తేల్చేయడం సరికాదని బావతో చెప్పు. తొందరపడకండి. జూన్‌లో నేను వస్తాను, బావతో, మీ అత్తగారితో కూర్చుని మాట్లాడతాను. అప్పటిదాకా ఆపండి. కారణాలు చాలా ఉన్నాయి, ఉత్తరంలో రాయడం కష్టం. వచ్చాక వివరంగా చెబుతాను.

షైనీ, పిల్లలన్నీ బాగున్నాయి. ఒకదానికి రెక్కల మీద గోధుమరంగు ఈకలు వస్తున్నాయి. దానికి నీ పేరు పెట్టాను.

ఇమ్మాన్యుయేల్

* * *

అనకాపల్లి,
22 మే 2002

తమ్ముడికి,

అయిపోయింది. పెంతెకొస్తు ఆదివారం షైనీకి మళ్ళీ బాప్తిస్మం ఇచ్చారు.

నీ ఉత్తరం వేళకే వచ్చింది. పైకి చదివాను. మా అత్తగారు అంతా విని, "మొదట్లో కోడిపిల్లకెలాగో మనిసికీ అలాగే అన్నాడు. ఇప్పుడు కాదంటన్నాడు. కారణం రాయమంటే రాయడేటి?" అంది. మీ బావ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూశారు, వెనక ఇంకేమైనా రాశావేమో అని. "తెలిస్తే రాసేవోడే. ఆడికీ తెల్దు" అన్నారు. నాకు మాత్రం ఏం తెలుసు?

జరిగింది జరిగినట్టు రాస్తాను. తొట్టిలో నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున సిమెంటు కనబడుతోంది, అయ్యగారికి నడుం దాకా వచ్చాయి. ఆయన ఒకవైపు, మీ బావ ఒకవైపు దిగారు. కూతురి చెయ్యి తనే పట్టుకుంటానన్నారు మీ బావ, ఈసారి జారనివ్వనని. షైనీ మెట్లు దిగుతుందో లేదో, పారిపోతుందేమో, అరుస్తుందేమో అని నేను తువ్వాలు పిండుతూ నిలబడ్డాను. అరవలేదు. రమ్మంటే దిగింది. వాల్చితే వాలింది. అయ్యగారు మూడు పేర్లూ నిదానంగా, ఒక్కొక్కటీ స్పష్టంగా పలికారు. అంతసేపూ అది నీళ్ళ కింద కదలకుండా ఉంది. చెయ్యి ఆడించలేదు, కాలు ఆడించలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పేర్లు అయ్యాక కూడా అది పైకి లేవలేదు, వాళ్ళిద్దరే లేపారు.

అందరూ దేవుణ్ణి స్తుతించారు. మొదటిసారి అంత కొట్టుకున్న పిల్ల ఈసారి ఎంత నెమ్మదిగా ఉందో అని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మీ బావ తడిబట్టలతోనే దాన్ని ఎత్తుకుని తిరిగారు. మా అత్తగారు ఆ రోజే కడుపునిండా అన్నం తింది.

మాట ఇంకా రాలేదు. కానీ మిగిలినవన్నీ మారిపోయాయి. స్నానానికి రమ్మంటే వస్తుంది. చెంబుతో నెత్తిన పోసినా కదలదు. తినమంటే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. ఆటోలో కూర్చోవడం మానేసింది. ఏదడిగినా తలూపుతుంది. భయం పోయినట్టే కదా తమ్ముడూ? ఇంట్లో అందరూ పోయిందనే అంటున్నారు, మరి నాకే ఎందుకు లోపల కుదుటపడడంలేదు? చెంబు పట్టుకుంటే బిగుసుకుపోయినప్పుడే నా పిల్ల నా పిల్లలా ఉండేదనిపిస్తోంది. ఇలా అనుకోవడం పాపమేమో.

ఎందుకు దింపకూడదన్నావో ఇప్పుడైనా చెప్పు. ఈసారి దాచకు.

తబిత

* * *

హైదరాబాద్,
28 మే 2002

అక్కా,

ఈ ఉత్తరం ఇంటికి వేయడంలేదు. నువ్వు స్కూలు బట్టలు కుట్టే దుకాణానికి, నూకరత్నంగారి పేరున వేస్తున్నాను. షైనీ విప్పకూడదు.

భయం తగ్గిందో లేదో కోడిపిల్ల చెప్పదు. రిసెప్టర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలంటే మెదడు బయటికి తీయాలి. తువ్వాలుతో తుడిచి, బల్బు కింద పెట్టి, షెడ్డుకి పంపేది లేదు. నీళ్ళలోంచి తీసిన వెంటనే కొన్నింటి తలలు కోస్తాం. కాసేపాగి కొన్ని. గంటకి మిగిలినవి. నేనే కోస్తాను, నా చేత్తో. రెక్కల మీద గోధుమరంగు ఈకలు వచ్చే వయసుదాకా మా దగ్గర ఏదీ బతకలేదు. షైనీ పేరు పెట్టినదేదీ లేదు.

గంటలో మామూలైపోతుందని రాశాను. దాని అర్థం, గంటకి కోసిన పిల్లల్లో లెక్క మామూలుగా ఉంది అని, అంతే. కోయకపోతే ఆ పిల్ల మర్నాడు మేత తినేదా? నీళ్ళ గిన్నె చూసి మూలకి పోయేదా? కూత మరిచిపోయేదా? నాకు తెలియదు. మర్నాటిదాకా ఒక్కదాన్నీ ఉంచలేదు. గంట తర్వాత ఏమవుతుందో మా గదిలో చూసినవాళ్ళు ఎవరూ లేరు. తెలియనిదాన్ని నేను తగ్గిపోతుంది అని రాసేశాను. నిన్ను ఓదార్చాలనే రాశాను, ఇంకే ఉద్దేశం లేదు, కానీ ఆ మాటతోనే వాళ్ళు షైనీని మళ్ళీ నీళ్ళలోకి దింపారు.

రెండోసారి నువ్వు కారణం అడిగినప్పుడు ఇదే రాయవలసింది. కలం పట్టుకుని కూర్చున్నాను కూడా. షైనీ విప్పి చదువుతుంది, మావయ్య పిల్లల తలలు కోస్తాడని తెలుసుకుంటుంది అని చెయ్యి రాలేదు. మేడమ్, సదస్సు, అవన్నీ సాకులు. దాని దగ్గర మంచి మావయ్యగా ఉండాలనుకున్నాను. నా మంచితనం కాపాడుకోవడానికి దాన్ని ముంచనిచ్చాను. ఇంతకంటే వేరేగా చెప్పడం నాకు చేతకావడంలేదు.

ఇంకొకటి ఉంది. చెప్పకపోతే మళ్ళీ దాచినట్టే. కొన్ని పిల్లల్ని ఒకసారి తీసి, ఆరబెట్టి, ఆ గంటలోనే మళ్ళీ తొట్టిలో వేసేవాళ్ళం. రెండోసారి కొన్ని ఈదవు. కాళ్ళు ఆడించవు, కళ్ళు తెరుచుకుని అలా తేలుతూ ఉంటాయి. మొదట్లో నేను అలవాటు పడ్డాయనుకుని సంతోషించాను, మేడమ్‌తో కూడా అదే అన్నాను. ఆవిడ తొట్టి దగ్గరికి వచ్చి చూసి, "ఇది ధైర్యం కాదు, ఆశ వదులుకోవడం" అన్నారు. నీ ఉత్తరంలో షైనీ నీళ్ళ కింద కదలకుండా ఉందన్నచోట నేను ఇక ముందుకి చదవలేకపోయాను.

కోడిపిల్ల వేరు, మనిషి వేరు. ఈసారి ఆ మాట నేను సాకుగా అనడంలేదు, అదే నిజం కావాలని కోరుకుంటున్నాను. దాన్ని విశాఖ తీసుకెళ్ళు. ఎవరికీ చెప్పకుండానైనా తీసుకెళ్ళు. ఇంకోసారి ఎవరూ దాన్ని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకుండా చూడు. జూన్‌లో రావాలనే ఉంది. షైనీ ముఖం చూడాలంటే భయంగా ఉంది అక్కా.

ఇమ్మాన్యుయేల్

* * *

అనకాపల్లి,
14 జులై 2002

ఇమ్మానూ,

నువ్వు రాలేదు. రావని అనుకుంటూనే ఉన్నాను.

నీ ఉత్తరం నూకరత్నం దుకాణంలో కుట్టుమిషను ముందు కూర్చుని చదివాను. నీలం గుడ్డ మిషను కింద అలాగే ఉండిపోయింది. నూకరత్నం "ఏటే, ఎవరైనా పోయేరా?" అంది. లేదన్నాను. మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను. బడులు తెరిచే రోజులు, పని ఆగదు.

నీ మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. కోడిపిల్లల్ని కోస్తావని కాదు, అందరం కోసుకునే తింటాం. మర్నాడేమవుతుందో నాకు తెలియదు అన్న ఒక్క ముక్క పెంతెకొస్తుకి ముందు రాసి ఉంటే నేను గుమ్మానికి అడ్డంగా పడుకుని ఉండేదాన్ని. పిల్ల చదువుతుందని దాచావు. పిల్ల ఇప్పుడు ఏ ఉత్తరమూ విప్పడంలేదు. ఇంటికి ఎవరిది వచ్చినా పక్కనే కూర్చుని గోడ చూస్తుంది. నిన్నే అనడం దేనికి, నువ్వు అక్కడ కూర్చుని రాశావు, నేను ఒడ్డున నిలబడి పాడాను. ఎవరిది ఎక్కువో తూచుకునే ఓపిక నాకు లేదు.

మీ బావకి నీ ఉత్తరం చూపించలేదు. చూపించను. ఆయన తన చేత్తో పట్టుకుని ముంచిన పిల్ల అది. ఈసారి జారనివ్వలేదు అని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటున్నారు. ఆ మాట ఆయన దగ్గరనుంచి తీసేస్తే ఆయనేమైపోతారో నాకు తెలుసు. ఇంట్లో ఒకరు పోయారు, అది చాలు.

బట్టల గుడ్డ కొనాలని చెప్పి షైనీని విశాఖ తీసుకెళ్ళాను. డాక్టరు పెద్దావిడ, నిదానం మనిషి. దానికి రంగు పెన్సిళ్ళిచ్చింది. గీయమంటే గీసింది, చాలంటే ఆపేసింది. ఆవిడ ఏవేవో అడిగింది, అన్నిటికీ తలూపింది. ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "ఈ తలూపడమే నాకు నచ్చడంలేదమ్మా. ఏడిచినా, విసిరికొట్టినా బాగుండేది. నెలనెలా తీసుకురండి" అంది. మాత్రలిచ్చింది. ఎన్నాళ్ళకి తగ్గుతుందని అడిగాను. ఆవిడ గంట అనలేదు, ఏడాదీ అనలేదు. తెలియదంది. ఇన్ని నెలల్లో నాతో ఒకరు నిజం మాట్లాడినట్టనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. వాన జల్లు లోపలికి కొట్టి ముఖమంతా తడిసినా తుడుచుకోలేదు. నేనే కొంగుతో తుడిచాను.

ఇక అసలు రాయాలనుకున్నది. సెప్టెంబరులో మన సంఘంలో ఇద్దరు ఆడపిల్లలకి బాప్తిస్మం ఉంది. దుర్గాలక్ష్మి అని కొత్తగా సంఘంలో చేరినావిడ కూతురొకతె, మా అత్తగారి చెల్లెలి మనవరాలొకతె. ఇద్దరూ నీళ్ళంటే జంకుతున్నారట. ఆ తల్లులు మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చారు. "మీ షైనీని మా పిల్లలతో పాటు తొట్టిలో నిలబెట్టండమ్మా. దాన్ని సూత్తే ఈళ్ళకి దైర్నం వత్తాది" అన్నారు. అయ్యగారూ మంచిదన్నారట. మీ బావ పొంగిపోయి ఒప్పేసుకున్నారు. దాన్నే అడగండి అన్నారు ఆ తల్లులతో. అడిగారు. తలూపింది. మా అత్తగారు దాన్ని దగ్గరికి తీసుకుని ముద్దుపెట్టుకుంది.

నేను ఒప్పుకోనని వాళ్ళ ముందే అనేశాను. ఎందుకొప్పుకోవని మీ బావ అడిగారు. ఆ కారణం ఏమని చెప్పను? నువ్వు నాకు కారణం రాయలేకపోయినట్టే నేనూ ఆయన ముందు నిలబడిపోయాను. "పిల్ల ఇష్టపడతంటే తల్లివి నువ్వే అడ్డమేటి?" అన్నారు. మర్నాటినుంచి నాతో మాట్లాడడం తగ్గించారు.

ఆ ఆదివారం సాయంత్రమే ఎవరూ లేనప్పుడు పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. పన్నెండేళ్ళ పిల్ల, కాళ్ళు నేల దాకా ఉన్నాయి. కూర్చోమంటే కూర్చుంది. దాని గడ్డం పట్టుకుని నావైపు తిప్పుకున్నాను. భయపడకమ్మా, నీ మనసులో ఉన్నదే చెప్పు, ఎవరేమన్నా నేను చూసుకుంటాను అన్నాను.

"తొట్టిలోకి వెళ్తావా అమ్మా?" అని అడిగాను.

తలూపింది.

"వద్దులేమ్మా, మానేద్దామా?" అని అడిగాను.

దానికీ అలాగే తలూపింది.

తబిత